స్లీవ్ అయి ఐదో వారం: అన్నం దిగట్లేదు, ఇంట్లో వాళ్ళు ఊరుకోవట్లేదు

బెజవాడ_వేణి | జనవరి 8

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. నాకు స్లీవ్, అంటే బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్, అయి ఐదో వారం నడుస్తోంది. నీళ్ళ దశ, జావ దశ బాగానే గడిచాయి. పప్పుకట్టు, మజ్జిగ తేట, చికెన్ ఉడికించిన నీళ్ళు, ప్రోటీన్ పొడి, వీటితో నెట్టుకొచ్చాను. మెత్తటి తిండి మొదలుపెట్టమన్నాక వచ్చింది అసలు తంటా.

మొన్న మధ్యాహ్నం మెత్తగా వండిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకున్నాను. మూడో ముద్దకే రొమ్ము మధ్యలో పట్టేసింది. నోట్లో తెల్లటి నురగ ఊరుతూనే ఉంది. చాలాసేపు సింకు దగ్గరే నిలబడ్డాను. వాంతి అంటే వాంతీ కాదు. ఇది మామూలేనా?

ఇంకోటి. ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితంలో టోస్టు, మెదిపిన బంగాళాదుంప, సూపు అని రాశారు. మా ఇంట్లో ఇవేవీ వండం. మా అత్తయ్యగారు మంచావిడే, కానీ "నాలుగు మెతుకులు పోకపోతే ప్రాణం ఎలా నిలుస్తుందమ్మా" అంటూ పూటపూటా కంచం ముందు కూర్చుంటున్నారు. మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది. అక్కడ నా విస్తరి చూసి ఎవరేమంటారోనని ఇప్పట్నుంచే బెంగగా ఉంది.

గోదారి_రాజు | భీమవరం | గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపే ఆపరేషన్) అయి నాలుగేళ్ళు

ఆయ్, ఆ నురగ ఇక్కడ అందరికీ అనుభవమేనండి. దిగని ముద్దని జార్చడానికి ఒళ్ళు లాలాజలం ఊరిస్తుంది, అది కిందకి పోయే దారి లేక పైకొస్తుంది. స్లీవ్‌లో పొట్ట 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు కదండి. మిగిలిన గొట్టంలో 100, 150 మిల్లీలీటర్లు పడితే గొప్ప. ఇంకా లోపల వాపు కూడా ఉండి ఉంటుంది. మెత్తగా ముద్దయిన తెల్లన్నం అందులో జిగురులాగా పట్టుకుంటుంది. బ్రెడ్డూ, దోసె, చపాతీ అంతే. అన్నం మెత్తగా ఉంటే తేలిగ్గా పోతుందనుకుంటాం. మన పొట్టలకి చేపముక్క పోయినంత సులువుగా అన్నం ముద్ద పోదండి.

అన్నాన్ని ఇంకో నెల పక్కన పెట్టండి. తినేటప్పుడు ముందు ప్రోటీన్, తరవాత కూర, చోటు మిగిలితే రెండు మెతుకులు. కొరమేను గానీ పండుగప్ప గానీ ఆవిరి మీద ఉడికించి, కారం లేని పులుసు కాస్త తగిలించి, టీ చెంచాతో తినండి. చేత్తో కలిపితే పాత లెక్కలో ముద్ద వచ్చేస్తుంది, చెయ్యి మన మాట వినదు. పూటకి ఇరవై నిమిషాలు, అరగంట పట్టాలి. ముక్కు కారినా, ఎక్కిళ్ళు వచ్చినా అక్కడితో ఆపేయండి. ఇంకొక్క ముద్దే కదా అనుకున్నారో, మళ్ళీ సింకే.

నీళ్ళ సంగతి మీరు రాయలేదు. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి, ఆ తరవాత రోజంతా గుక్కెడు గుక్కెడుగా లీటరున్నర పైన పోవాలి. అన్నం మధ్యలో మంచినీళ్ళు తాగే అలవాటు మానడం నాకు అన్నం మానడం కన్నా కష్టమైందండి.

మల్లన్న_ఓరుగల్లు | స్లీవ్

వేణక్కా, అత్తమ్మతోని కొట్లాడకు. మా అమ్మ గూడ గట్లనే ఏడ్చేది. "బిడ్డ నోరు కుట్టిచ్చుకున్నడు" అని వాడకట్టంత చెప్పింది. నేనేం జేసిన్నంటే, డైటీషియన్ మేడమ్ దగ్గరికి ఆమెను గూడ తోల్కపోయిన. మేడమ్ నాతోని మాట్లాడనే లేదు. "అమ్మా, నీ కొడుక్కు రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ పోవాలె. అది నువ్వే సూసుకోవాలె" అన్నది. గంతే. ఇగ అప్పటిసంది మా అమ్మ గుడ్లు లెక్కవెడుతది, నేను ఒక్కటి తక్కువ తింటే ఊకోదు. పెట్టే చేతికి పని జెప్పాలె అక్కా, వద్దు అంటే వాళ్ళు ఇనరు.

పప్పు_పెరుగు | మైసూరులో తెలుగువాళ్ళం | స్లీవ్, రెండో ఏడు

మల్లన్నగారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మేం గుడ్డు కూడా తినం కాబట్టి మా ఇంట్లో ఆ లెక్క ఇంకా కష్టం. ఇడ్లీ ఒకటి తింటే వచ్చేది రెండు గ్రాములు. గ్లాసు పాలలో ఆరేడు. కందిపప్పులో ప్రోటీన్ బోలెడంటారు, 100 గ్రాముల పచ్చిపప్పులో 22 దాకా ఉన్న మాట నిజమే. కానీ ఉడికి, నీళ్ళు పట్టి, పల్చనయ్యాక చిన్న గిన్నెడు పప్పులో నాలుగైదు గ్రాములు మించవు, మనం తినేది ఆ గిన్నెలో సగం. పనీరు 100 గ్రాములకి 18. మీల్‌మేకర్ ఎండువి 20 గ్రాములు నానబెడితే పది గ్రాములు వస్తాయి, కానీ నమలడం బాగా అలవాటయ్యాకే వాటి జోలికి వెళ్ళండి.

అందుకే మొదటి నెలల్లో శాకాహారులకి ప్రోటీన్ పొడి తప్పదని నా అభిప్రాయం. ఒక స్కూపుకి 20, 25 గ్రాములు. మరిగే పాలలో వేస్తే విరిగి గడ్డలు కడుతుంది, రాగిజావ గోరువెచ్చగా చల్లారాక కలపండి.

అత్తయ్యగారికి అప్పగించదగ్గ వంట ఒకటి చెప్తాను. పెసరపప్పు నానబెట్టి, కాస్త అల్లం వేసి రుబ్బి, ఇడ్లీ రేకుల్లో ఆవిరి పట్టాలి. దాన్ని చిదిమి, గుడ్డలో వడకట్టిన గడ్డపెరుగులో వేసి, జీలకర్ర పొడి చల్లాలి. మా ఆయన దీన్ని పెరుగుగారె అంటే ఒప్పుకోడు గానీ నా గిన్నెలోది మాత్రం ఖాళీ చేస్తాడు.

ఉక్కుమనిషి

నోరు కట్టేసుకుని పొద్దున్నే నాలుగు రౌండ్లు నడిస్తే పోయేదానికి లక్షలు పోసి కడుపు కోయించుకోవడమేంటండీ? విచిత్రంగా ఉంది.

గోదారి_రాజు

నడిచాం బాబూ, ఇక్కడ నడవనోళ్ళు ఎవరూ లేరు. సరదాకి ఎవరూ ఈ ఆపరేషన్ చెయ్యరు. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 37.5 దాటాలి, లేదా 32.5 దాటి షుగరో, నిద్రలో ఊపిరాడకపోవడమో ఉండాలి అనేది మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న కొలత. 2022లో అమెరికా, అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కలిసి ఆసియా వాళ్ళకి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో కోసి తీసేసే ఆ పైభాగంలోనే. ఆకలిని అణుచుకోవడం ఒకటి, ఆకలే తగ్గడం ఇంకొకటి.

వార్డు_సిస్టర్ | మోడరేటర్

ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్న వాదనకి వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఇది చేయించుకున్నవాళ్ళ చోటు.

బెజవాడ_వేణి | జనవరి 12

పెసరపప్పు ఇడ్లీ ఇంట్లో గెలిచింది! ఇవాళ అత్తయ్యగారు "ఎన్ని గ్రాములు?" అని అడిగారు. మల్లన్నా, నీకు దణ్ణం. కానీ ఇంటినిండా అరిసెల వాసన. పండగ మూడు రోజులు ఎలా గడుస్తాయో.

గోదారి_రాజు

అరిసె తునక నోట్లో వేసుకుంటే ఏమవుతుందో ముందే చెబుతాను. బైపాస్ వాళ్ళకి ఎక్కువ, స్లీవ్ వాళ్ళకీ వస్తుంది. తీపి అరక్కుండానే గబగబా పేగులోకి దిగిపోతుంది. పది నిమిషాల నుంచి అరగంటలో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఇంకో రకం వస్తుంది. గంట నుంచి మూడు గంటల తరవాత షుగర్ పడిపోయి వణుకు, కళ్ళు తిరగడం. మావైపు పూతరేకులు పెట్టకుండా చుట్టాన్ని పంపరండి, నేను జేబులో వేసుకుని వచ్చి మా పిల్లలకి ఇస్తాను.

అనంతపురం_సీనా | జనవరి 19

అన్నా, అక్కా, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దండి. మా ఇంటామెకు బైపాస్ చేసి రెండు నెలలైంది. రెండు వారాలుగా ఏం తిన్నా కక్కుతాంది. నీళ్ళు గూడా నిలబడ్డం లేదు. మా ఊర్లో డాక్టరు గ్లూకోజు ఎక్కిచ్చి, వాంతులకు సూది ఏసి పంపిస్తాండాడు. రెండు దినాల నుంచి కాళ్ళు తిమ్మిర్లు అంటాది, నడిస్తే తూలుతాంది, ఒక మనిషి ఇద్దరు మాదిరి అగుపిస్తాండారంట. ఆపరేషన్ అయినోళ్ళకు ఇట్ల మామూలేనని ఆయన అంటాడు. నిజమేనా?

వార్డు_సిస్టర్

సీనా గారూ, మామూలు కాదు. తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి. ఎమర్జెన్సీ ఉన్న పెద్దాస్పత్రి ఏది దగ్గరైతే అక్కడికి.

బీ1 విటమిన్, అంటే థయామిన్, ఒంట్లో కొద్ది వారాలకి మించి నిల్వ ఉండదు. ఆగని వాంతులుంటే అయిపోతుంది. అప్పుడు దెబ్బ తగిలేది నరాలకీ మెదడుకీ. చూపు రెండుగా కనబడటం, తూలడం, మాట తికమకపడటం దాని గుర్తులు. ఆలస్యమైతే కొంత నష్టం తిరిగి రాదు. థయామిన్ ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా ఖర్చైపోయి ఇంకా ముదురుతుంది.

వెళ్ళగానే ఇలా చెప్పండి: "బైపాస్ అయింది, రెండు వారాలుగా వాంతులు, చూపు రెండుగా కనబడుతోంది, థయామిన్ లోపమేమో చూడండి, గ్లూకోజు కన్నా ముందు అది సూది ద్వారా ఇవ్వండి." కక్కే మనిషికి మాత్రతో పని జరగదు. డిశ్చార్జి కాగితం వెంట పెట్టుకోండి, ఆపరేషన్ చేసిన చోటికి దారిలోనే ఫోన్ చేయండి. వాంతులకి కారణం కుట్టిన చోట దారి ఇరుకవడం కావచ్చు, అది తరవాత ఎండోస్కోపీ చేసి చూస్తారు.

అనంతపురం_సీనా

కారు మాట్లాడినా సిస్టర్. టౌన్లో సూది ఏపిచ్చుకోని ఆడి నుంచి బెంగుళూరుకు పోతాం. ఆపరేషన్ చేసింది ఆడే.

మల్లన్న_ఓరుగల్లు

జాగ్రత్తగ పోన్రి అన్నా. ఏ టైమైనా సరే, ఇక్కడ రాయున్రి.

బెజవాడ_వేణి | జనవరి 20

సీనా గారి కబురు కోసం పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ భయంలోనే నా మాత్రల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. సిస్టర్, ఏది ఎప్పుడు వేసుకోవాలో గజిబిజిగా ఉంది. ఇవి ఎన్నాళ్ళు? జుట్టు రాలుతుందని భయపెడుతున్నారు కూడా.

వార్డు_సిస్టర్

ఎన్నాళ్ళంటే, జీవితాంతం. బాగానే ఉన్నాను కదా అని రెండో ఏట మానేసి, రక్తం లేక నీరసించి మా వార్డుకి వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాను.

గజిబిజి అంతా క్యాల్షియం, ఐరన్ మధ్యే. రెంటినీ కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర టీ, కాఫీతో వద్దు. క్యాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా. మందుల షాపులో అడక్కుండా ఇచ్చేది ఎక్కువగా కార్బొనేట్ రకం. అది కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి, మీకు అదే తక్కువ. సిట్రేట్ అని అడిగి తీసుకోండి. బీ12కి మాత్రా, నాలుక కింద పెట్టుకునేదా, సూదా అన్నది మీ పరీక్ష చూసి డాక్టరు చెప్తారు. మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆ తరవాత ఏటా రక్తపరీక్ష.

షుగరు, బీపీ మాత్రలు వాడే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, పాత మోతాదు అలాగే కొనసాగించకండి. తిండి పడిపోయాక అదే మోతాదు వేస్తే షుగరో బీపీయో పడిపోతుంది. డాక్టరుని అడిగి తగ్గించుకోవాలి.

జుట్టు రాలుతుంది, నిజమే. మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఎక్కువ. బరువు గబగబా దిగినందుకు ఒళ్ళు చూపించే కోపం అది. ప్రోటీన్, ఐరన్, జింక్ సరిగ్గా ఉంటే మళ్ళీ వస్తుంది. నూనెలు, బయోటిన్ డబ్బాల మీద డబ్బు తగలేయకండి.

చార్మినార్_నజ్మా | స్లీవ్, మూడో ఏడు

మాత్రల ఎడం గురించి చెప్పారు కాబట్టి అడుగుతున్నా, ఉపవాసాల వాళ్ళు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా? మొదటి రంజాన్‌కి మా సర్జన్ రోజా వద్దే వద్దన్నారు, నీళ్ళు సరిపోవని. తరవాతి ఏడు రక్తపరీక్ష చూసి సరేనన్నారు. ఇఫ్తార్‌లో ఖర్జూరం సగమే, దాని తరవాత గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు, మగ్రిబ్ నమాజ్ అయ్యాక చికెన్. హలీం నాలుగు చెంచాలు బాగానే పోతుంది, మాంసం మెత్తగా నలిగి ఉంటుంది కదా. నెయ్యి మాత్రం పక్కకి తీసేస్తా. తెల్లారకముందు తినే సహరీలో గుడ్లు, పెరుగు. పగలు కళ్ళు తిరిగితే రోజా విడవమనే మా అమ్మీ చెప్తుంది.

పప్పు_పెరుగు

కార్తీక సోమవారాలు నావి ఇంచుమించు అలాగే. పగలంతా నీళ్ళూ మజ్జిగా తాగుతాను, మాత్రలు మానను. శివుడికి అభ్యంతరం ఉన్నట్టు ఇంతవరకూ కబురు రాలేదు.

అనంతపురం_సీనా | జనవరి 25

అందురికీ నమస్కారం. టౌన్లో డాక్టరమ్మ మేము చెప్పింది ఇని రక్తం తీసి, అప్పుడే థయామిన్ సూది ఏసింది. తెల్లారి బెంగుళూరులో అడ్మిట్ చేసినాం. కుట్టిన కాడ దారి ఇరుకైందంట, ఎండోస్కోపీలో బెలూను పెట్టి వెడల్పు చేసినారు. ఇప్పుడు నీళ్ళు, మజ్జిగ నిలబడ్తాండాయి. చూపు చాలా మేలు, మనిషి ఒకరే అగుపిస్తాండారంట. కాళ్ళ తిమ్మిర్లు తగ్గేదానికి ఇంకా నెలలు పడుతుందన్నారు, కర్ర పట్టుకోని నడుస్తాంది. సిస్టర్, మీ పేరు గూడా మాకు తెల్దు.

వార్డు_సిస్టర్

పేరుతో పనేముంది సీనా గారూ. థయామిన్ మాత్రలు మానొద్దు. వాంతులు మళ్ళీ రెండు రోజులు దాటితే ఫోన్ చేయకుండా నేరుగా వెళ్ళిపోండి.

బెజవాడ_వేణి | ఫిబ్రవరి 3

హమ్మయ్య. చదువుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఇప్పుడు నా పెళ్ళి గొడవ, అంటే మా మేనకోడలి పెళ్ళి. ఆపరేషన్ అయిందని అందరికీ చెప్పాలా, దాచాలా? మెట్టెలు వదులైపోయి జారిపోతున్నాయి, జాకెట్లు భుజాల మీద నిలవట్లేదు, దాచడం ఎలాగూ కుదరదేమో.

డాలస్_పద్మ | బైపాస్

నేను ఇక్కడ ఆఫీసులో అందరికీ చెప్పాను, మనవాళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో ఓ నిమిషం విని వదిలేశారు. మనవాళ్ళు మాత్రం పాట్‌లక్కుల్లో "షుగరా? థైరాయిడా? ఇంట్లో ఏమైనా గొడవలా?" అని మా వారిని పక్కకి తీసుకెళ్ళి మరీ అడిగారు. చెప్పినా మాటలే, చెప్పకపోయినా మాటలే. మీకు ఏ మాటలు తేలికో చూసుకోండి వేణీ.

గోదారి_రాజు

నేను దీనికి ఒప్పుకోనండి. కడుపు ఆపరేషన్ అయింది, డాక్టర్ తినొద్దన్నారు అని ఒక్క ముక్క చెప్పేయడమే నయం. ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు. ఆపరేషన్ అన్న మాట వింటే వడ్డించేవాళ్ళ గరిటె ఆగుతుంది. లావు తగ్గడానికి మానేశాను అన్నారా, "ఈ ఒక్కపూటకేం కాదు" అని రెండు గరిటెలు ఎక్కువ పడతాయి.

బఫే అయితే దిగుల్లేదు. బంతి అయితే చివరి వరసలో, మీ సంగతి తెలిసిన మనిషి పక్కన కూర్చోండి. మీ విస్తట్లో పడిందల్లా వాళ్ళు తీసుకుంటారు. ఇంట్లో గుడ్డో పెరుగో తినే బయల్దేరండి, హడావుడిలో నమలకుండా మింగితే అందరి ముందూ నురగ.

మల్లన్న_ఓరుగల్లు

మా దిక్కు దావత్‌లకు ఇంకో తిప్పలున్నది. "ఒక్క పెగ్గే" అంటరు. గా ఒక్క పెగ్గు మనకు మునుపటి లెక్క ఉండదు, జల్ది ఎక్కుతది, జల్ది దిగదు. తిండి బంద్ అయినంక మందుకు అలవాటు పడ్డోళ్ళు గూడ ఉన్నరు. నేను సోడా గూడ ముడ్తలేను, గ్యాస్ పట్టుకుంటది.

బెజవాడ_వేణి | ఫిబ్రవరి 22

పెళ్ళి అయింది. రాజుగారి మాటే పట్టుకున్నాను, కానీ నాకన్నా ముందు అత్తయ్యగారే అందరికీ చెప్పేశారు. వడ్డించే అబ్బాయి పులిహోర గరిటె ఎత్తగానే "దానికి వద్దు నాయనా, ఆ పప్పు మీద తేట కాస్త పోసి, పనీరు ముక్కలు రెండు వెయ్యి" అని పక్కనుంచి హుకుం. పెళ్ళికొడుకు తరపు పెద్దావిడ ఒకావిడ "ఇంత చిన్న వయసులో తిండి పోవడమేంటమ్మా" అని జాలి పడబోతే, "పోలేదండీ, మారింది" అని ఈవిడే జవాబు. బొబ్బట్టు చూసి మాత్రం మనసు లాగింది, లేదనను. ఆకలి లేదు, నోరు మాత్రం అడుగుతోంది. ఇది ఎప్పటికి పోతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఏడేళ్ళ_స్లీవ్ | విశాఖ

పోదమ్మా. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మొదటి ఏడాది ఆకలి ఉండదు, బరువు దానంతటదే దిగుతుంది, మనం గెలిచేశామనుకుంటాం. రెండో ఏడు దాటాక ఆకలి కొంత తిరిగొస్తుంది, పొట్ట కూడా కొంచెం సాగుతుంది. అప్పుడు బరువు పెంచేది భోజనం కాదు, జారిపోయే తిండి. చికెన్ ముక్క నాలుగు తింటే నిండిపోతుంది, జంతికలు మాత్రం టీవీ ముందు డబ్బా డబ్బా పోతాయి. మిక్స్చరు, ఐస్‌క్రీం, పంచదార వేసిన టీ, ఇవేవీ పట్టెయ్యవు, నురగ రాదు. తొందరగా కడుపు నింపే తిండే మనకి మేలు చేసేది, హాయిగా దిగేదాన్నే అనుమానించాలి. నాకు తగ్గిన బరువులో కొంత తిరిగొచ్చింది, వేళకి తిని మధ్యలో నోరు మూసుకున్నాక ఆగింది.

ఇంకోటి, స్లీవ్ వాళ్ళకి ఏళ్ళు గడిచాక పుల్లటి తేన్పులు, రాత్రిపూట గొంతులో మంట మొదలవడం మామూలే. యాంటాసిడ్ సీసాలతో సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీ చేయించుకోండి.

పప్పు_పెరుగు

"హాయిగా దిగేదాన్నే అనుమానించాలి." అబ్బ, నా కారప్పూస డబ్బా వైపు చూడాలంటేనే భయమేస్తోంది ఇప్పుడు.

మల్లన్న_ఓరుగల్లు | ఫిబ్రవరి 24

సిస్టర్, చిన్న డౌటు. జిమ్ముల మోకాలు పట్టింది. మా ఆర్‌ఎంపీ డాక్టర్ నొప్పికి డైక్లోఫెనాక్ సూది ఇస్త అంటున్నడు. సూది గదా, కడుపులకు పోదు గదా, తీసుకోవచ్చా?

వార్డు_సిస్టర్

వద్దు మల్లన్నా. సూది వేసినా అది రక్తంలో కలిసి పొట్ట గోడని కాపాడే పొరని దెబ్బతీస్తుంది. బైపాస్ వాళ్ళకి కుట్టిన చోట పుండు పడే ముప్పు మరీ ఎక్కువ. స్లీవ్ వాళ్ళు కూడా సర్జన్‌ని అడక్కుండా ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏవీ వాడొద్దు. నొప్పికి పారాసెటమాల్ వేసుకో, ఐసు పెట్టు, జిమ్ముకి వారం సెలవు. తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించు, వెళ్ళగానే స్లీవ్ అయిందని చెప్పు.

మల్లన్న_ఓరుగల్లు

సరే సిస్టర్. ఆర్‌ఎంపీకి ఫోన్ జేసి రావొద్దన్న. ఇంటికే బయల్దేరిండట, సూది తోటి.